పొరకు పాకిన తరువాత ఆపరేషన్ దేనికి?

2021 మార్చి నెల మధ్యలో మా అమ్మ కుడి పక్కటెముకల సందులోంచి మూడోసారి నీరు తీసినప్పుడు, ప్లాస్టర్ అంటించేంత సేపు ఆ సీసాను పట్టుకోమని నర్సు నా చేతికిచ్చింది. పలచటి డికాషన్‌లో రక్తం కలిసినట్టున్న రంగు, పైన సన్నటి నురగ, 1,200 మిల్లీలీటర్ల గీతకు కాస్త పైన ఆగిన మట్టం ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్నది మాత్రం ఆ సీసా గోరువెచ్చగా ఉండడం. నాలుగు రోజుల తరువాత ఆ నీటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. కబురు తెలియగానే తెనాలి నుంచి వచ్చిన మా మేనమామ మంచం పక్కన కూర్చుని, అమ్మ నిద్రపోయిందని నిశ్చయించుకున్నాక, నన్ను వరండాలోకి పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, ఇట్లా నీళ్ళు తీయించుకుంటూ కూర్చుంటే ఏమొస్తుందిరా? ఆ గడ్డేదో కోసి తీసేయమని గట్టిగా అడుగు. ఎకరం అమ్మైనా సరే, అక్కయ్యకి ఆపరేషన్ చేయిద్దాం" అన్నాడు.

ఆయన మాటను నేను తోసిపుచ్చలేదు, ఎందుకంటే నా మనసులోనూ అదే ఉంది. తరువాతి రెండు వారాల్లో రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని గుంటూరులోనూ హైదరాబాదులోనూ నలుగురు వైద్యులను కలిసి, ఆపరేషన్ చేస్తారా చేయరా అని ఒకే ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్నే తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఊపిరితిత్తి క్యాన్సర్ దాని చుట్టూ ఉన్న పొర మీద చల్లుకుపోయిన తరువాత, గడ్డను కోసి తీయడం కోసం కత్తి పట్టడం నేటికి ఉన్న ఆధారాలతో సమర్థించుకోగలిగిన పని కాదని నేను నమ్ముతున్నాను. అదే సమయంలో, ఊపిరి ఆడేలా చేయడానికీ, సరైన మందును ఎంచుకోవడానికి కావలసిన బయాప్సీ ముక్కను సంపాదించడానికీ చేసే చిన్న శస్త్రచికిత్స మన దగ్గర చేయవలసినంత త్వరగా జరగడం లేదని కూడా అంతే బలంగా నమ్ముతున్నాను. నేను వైద్యుణ్ణి కాను. మూడేళ్ళపాటు ఈ జబ్బు పక్కన కూర్చుని, దొరికినంత చదివి, అడగగలిగినంత అడిగిన కొడుకుగా ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ పొర సంగతి. ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పలచని పొర, ఛాతీగోడకు లోపలి వైపున మరొక పొర ఉంటాయి. ఈ రెంటినీ కలిపి ప్లూరా అంటారు. రెంటి మధ్య మామూలుగా ఉండేది ఒకటి రెండు చెంచాల తడి మాత్రమే. శ్వాస తీసిన ప్రతిసారీ ఊపిరితిత్తి ఒరుసుకోకుండా జారడానికి ఆ తడి చాలు. అక్కడ ఊరే ద్రవాన్ని ఛాతీగోడ వైపు పొరలోని సూక్ష్మమైన రంధ్రాల గుండా శోషరస నాళాలు ఎప్పటికప్పుడు లాగేసుకుంటాయి. క్యాన్సర్ కణాలు ఆ పొర మీద మొలిచినప్పుడు ఒక పక్క ఊట పెరుగుతుంది, ఇంకో పక్క ఆ తూములు పూడుకుపోతాయి. అందుకే వారం తిరిగేసరికి లీటరు నీరు చేరుతుంది. మన ఇళ్ళలో దీన్ని "నిమ్ము చేసింది" అనో, "ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది" అనో అంటారు కానీ, నిజానికి ఆ నీరు ఊపిరితిత్తి లోపల ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తరువాత చెబుతాను.

"ప్లూరాకు పాకింది" అనే ఒక్క మాట కింద రిపోర్టుల్లో పూర్తిగా వేర్వేరు పరిస్థితులు ఉండగలవన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టిన విషయం. ఊపిరితిత్తి అంచున పుట్టిన గడ్డ పెరిగి పెరిగి తన పైనున్న పొరను చీల్చుకుని రావచ్చు. అప్పుడు దశ కొద్దిగా పెరుగుతుంది కానీ, అది ఆపరేషన్‌కు అడ్డు కాదు. గడ్డ ఇంకా ముందుకు పోయి ఛాతీగోడ వైపు పొరలోకి, పక్కటెముకలోకి నేరుగా దిగబడవచ్చు. అప్పుడు కూడా, మిగతా పరిస్థితులు అనుకూలిస్తే, ఆ పక్కటెముకల భాగంతో సహా గడ్డను ఒకే ముద్దగా తీసివేసే శస్త్రచికిత్స ఉంది. మూడోది మా అమ్మకు జరిగినది. కణాలు గడ్డ నుంచి రాలి, రెండు పొరల మధ్య ఖాళీలో తేలి, తడి నేల మీద చల్లిన రాగి గింజల్లా ఎక్కడ పడితే అక్కడ మొలకెత్తడం. మొదటి రెంటిలో జబ్బుకు ఒక అంచు ఉంటుంది, కత్తి ఆ అంచుకు అవతల నుంచి కోయగలదు. మూడోదానికి అంచు లేదు. కంటికి కనిపించిన గింజలన్నీ ఏరినా, కనిపించనివి ఎన్ని ఉన్నాయో చెప్పగలిగినవారు లేరు. కాబట్టి ఆ మాట రిపోర్టులో చదవగానే హతాశులైపోకుండా, మూడింటిలో ఇది ఏది అని డాక్టరును అడిగి తీరాలి.

దీనికి తోడు ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఊపిరితిత్తి క్యాన్సర్ ఉన్న మనిషికి నీరు చేరినంత మాత్రాన ఆ నీరు క్యాన్సర్ నీరే కావాలని లేదు. గడ్డ వల్ల ఒక భాగం మూసుకుపోయి నిమోనియా వచ్చినా, గుండె బలహీనపడినా నీరు రావచ్చు. ఆ నీటిని మళ్ళీ మళ్ళీ పరీక్షించినా కణాలు దొరకకపోతే, నీటి స్వభావం కూడా క్యాన్సర్‌ను సూచించకపోతే, దశ నిర్ణయంలో ఆ నీటిని లెక్కలోకి తీసుకోవద్దని దశల నియమావళే చెబుతుంది. అంటే స్కానింగ్‌లో నీరు చూసి "ఇక ఆపరేషన్ లేదు" అని తేల్చేయడం, పొరంతా గింజలు చల్లుకుని ఉన్నా "కోసి చూద్దాం" అనడం, రెండూ తప్పులే. మొదటి తప్పు వల్ల నయం కాగలిగిన మనిషికి అన్యాయం జరుగుతుంది కాబట్టి అదే మరీ పెద్దదేమో అని నాకు అనిపిస్తుంది.

ఈ స్థితిని నాలుగో దశగా ఎప్పటినుంచో లెక్కిస్తున్నారని నేను అనుకునేవాడిని. అది నిజం కాదు. ఊపిరితిత్తి క్యాన్సర్ దశల నియమావళి ఆరో కూర్పు వరకూ, క్యాన్సర్ కణాలున్న నీటిని గడ్డ తాలూకు పెరుగుదలగానే చూసి మూడో దశ చివరి మెట్టులో ఉంచేవారు. 2009లో వచ్చిన ఏడో కూర్పులో, వేల మంది రోగుల వివరాలు పరిశీలించిన తరువాత, వీరి ఆయుర్దాయం మూడో దశవారిలా కాక దూరంగా పాకినవారిలా ఉందని గమనించి దీన్ని నాలుగో దశలోకి మార్చారు. ఎనిమిదో కూర్పు దీన్ని నాలుగో దశలోని మొదటి భాగంగా ఉంచింది. ఆ కూర్పు లెక్కల ప్రకారం అత్యంత తొలి దశలో దొరికినవారిలో నూటికి 92 మంది అయిదేళ్ళు బతికితే, నాలుగో దశ మొదటి భాగంలో నూటికి 10 మందే బతికారు. ఆ లెక్కల్లో ఉన్నది 1999 నుంచి 2010 మధ్య జబ్బు బయటపడినవారని, అంటే జన్యుమార్పును బట్టి ఇచ్చే నేటి మాత్రలు ఎక్కువమందికి అందని కాలంవారని గుర్తుంచుకోవాలి. అయినా ఆ రెండు సంఖ్యల మధ్య దూరం చూస్తే, గడ్డను కోయడం ఎక్కడ పనిచేస్తుందో తెలుస్తుంది.

మా మేనమామ మనసులోని ఆపరేషన్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది గాలిలోంచి పుట్టిన ఆశ కాదు. 1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవర్ట్స్ గ్రాహం అనే శస్త్రవైద్యుడు, క్యాన్సర్ వచ్చిన ఒక వైద్యుడి ఎడమ ఊపిరితిత్తిని మొత్తంగా ఒకే విడతలో తీసివేశాడు. ఆ రోగి మరో 30 ఏళ్ళు బతికాడు. గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే చనిపోయాడు. నయం కావడమంటే తీసివేయడమే అనే నమ్మకానికి పునాది అలాంటి విజయాల్లో ఉంది, తొలి దశల్లో ఆ నమ్మకం నేటికీ నిజమే. మా ఊళ్ళో దీనికి పూర్తిగా ఎదురు నమ్మకం కూడా ఉంది. "కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది" అంటారు. మా ఇంట్లో ఆ మార్చి నెలలో మేనమామ మొదటి నమ్మకాన్నీ, మా పెద్దమ్మ రెండో నమ్మకాన్నీ పట్టుకుని వాదించుకున్నారు. మధ్యలో అమ్మ నాలుగు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది.

ఇప్పుడు ఎదుటి వాదనను దాని పూర్తి బలంతో చెబుతాను. జపాన్, కొరియా, చైనా, తైవాన్ దేశాల ఆసుపత్రుల నుంచి ఈ విషయం మీద చాలా పత్రాలు వచ్చాయి. వాటిలో కనిపించే కథ ఇంచుమించు ఒక్కటే. తొలి దశ అనుకుని ఆపరేషన్ బల్ల మీదకు తీసుకెళ్ళి ఛాతీ తెరిచాక, స్కానింగ్‌లో కనిపించని చిన్న చిన్న గింజలు పొర మీద కనిపిస్తాయి. నీరు ఉండదు, ఉన్నా కొద్దిగా. అప్పుడు కొందరు శస్త్రవైద్యులు ముక్క తీసుకుని మూసేశారు, కొందరు గడ్డ ఉన్న భాగాన్నీ కనిపించిన గింజలనూ తీసివేశారు. సంవత్సరాల తరువాత వెనక్కి తిరిగి లెక్క చూస్తే, తీసివేయించుకున్నవారు ఎక్కువకాలం బతికారు. కొన్నిచోట్ల ఇంకా ముందుకు వెళ్ళి, వేడిచేసిన కీమో మందును ఛాతీ ఖాళీలో తిప్పి కడిగే పద్ధతిని కూడా ప్రయత్నించారు. ఈ పత్రాలు చూపించి ఒక శస్త్రవైద్యుడు నాతో అరగంట సేపు ఓపికగా మాట్లాడారు. ఆయన నిజాయితీని నేను శంకించను.

కానీ ఆ లెక్కలో ఒక లోపం ఉంది. ఎవరిని కోశారు, ఎవరిని మూసేశారు అన్నది చీటీలు వేసి నిర్ణయించలేదు. ఛాతీ తెరిచిన శస్త్రవైద్యుడు కళ్ళతో చూసి నిర్ణయించాడు. అయిదారు గింజలు మాత్రమే ఉండి, గుండె గట్టిగా ఉండి, గడ్డ చిన్నదిగా ఉన్నవారిని చూసి "ఇది తీయొచ్చు" అనుకున్నాడు. పొరంతా గింజలు పరుచుకున్నవారిని చూసి మూసేశాడు. మొదటివారు ఏమీ చేయకపోయినా రెండోవారికంటే ఎక్కువకాలం బతికేవారే. ఎంత గణితం వాడి సరిచేసినా, ఆ శస్త్రవైద్యుడి కంటికి కనిపించినదంతా కాగితం మీదకు రాదు. పైగా తూర్పు ఆసియా రోగుల్లో చాలామందికి మాత్రలకు లొంగే జన్యుమార్పు ఉంటుంది. ఆపరేషన్ తరువాత వారు ఎన్ని నెలలు బతికినా అందులో మాత్ర వాటా ఎంత, కత్తి వాటా ఎంత అని విడదీయడం ఆ పత్రాలతో సాధ్యం కాదు.

ఇలాంటి వెనుచూపు లెక్కలు ఎంతగా దారి తప్పించగలవో పక్క జబ్బు ఒకటి చూపించింది. ఆస్బెస్టాస్ పీల్చినవారిలో ఎక్కువగా కనిపించే మెసోథీలియోమా ప్లూరాలోనే పుట్టే క్యాన్సర్. దానికి పొరలన్నీ ఒలిచి తీసే పెద్ద ఆపరేషన్‌ను నిపుణులు ఏళ్ళ తరబడి చేశారు, చేయించుకున్నవారు బాగా బతికారని పత్రాలూ రాశారు. చివరికి బ్రిటన్‌లో మార్స్-2 అనే పరీక్షలో 335 మందిని చీటీ వేసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కీమోతో పాటు ఆ ఆపరేషన్, మరో జట్టుకు కీమో మాత్రమే ఇచ్చారు. 2024లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఆపరేషన్ జట్టు మధ్యస్థ ఆయుర్దాయం 19.3 నెలలు, కీమో మాత్రమే తీసుకున్న జట్టుది 24.8 నెలలు. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా ఆపరేషన్ జట్టులోనే ఎక్కువ. ఊపిరితిత్తి క్యాన్సర్ వేరు, మెసోథీలియోమా వేరు, ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అతికించడం సరికాదని నాకు తెలుసు. అయినా అదే పొర, అదే రకం కోత, అదే రకం ఆశాజనకమైన పత్రాలు. చీటీ వేసి చూస్తే ఫలితం తలకిందులైంది. ఊపిరితిత్తి క్యాన్సర్ విషయంలో అలాంటి పరీక్ష జరిగి గెలిచేదాకా, పొలం అమ్మి గడ్డ కోయించుకోమని ఏ కుటుంబానికైనా చెప్పే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

అరుదైన మినహాయింపు ఉండవచ్చునని ఒప్పుకుంటాను. నీరు లేకుండా నాలుగైదు గింజలే ఉండి, మాత్రలతో నెలల తరబడి అణిగి, ఇంకెక్కడా జబ్బు లేని మనిషి విషయంలో, వివిధ విభాగాల వైద్యులంతా ఒకచోట కూర్చుని చర్చించి, వీలైతే ఒక పరిశోధనలో భాగంగా, మిగిలిన గడ్డను తీయాలని అనుకుంటే దాన్ని నేను కాదనను. అది నిర్ణయించవలసింది మాత్రం మాత్రల ప్రభావం చూసిన తరువాతే. మొదటి వారం భయంలో ఆ నిర్ణయం జరగకూడదు.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది రెండో ఆపరేషన్ గురించి, ఎవరూ ఆపరేషన్ అనని ఆపరేషన్ గురించి. మా అమ్మకు 2021 జనవరిలో ఆయాసం మొదలైనప్పుడు మేము వెళ్ళిన ఆసుపత్రిలో మొదటిసారి నీరు తీసి, అందులో లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు ఎక్కువగా ఉన్నాయనీ, టీబీని సూచించే ఏడీఏ పరీక్ష ఫలితం అటో ఇటో తేలని గీత మీద ఉందనీ చెప్పి టీబీ మందులు మొదలుపెట్టారు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు ఉన్న దేశంలో ఆ అనుమానం రావడం తప్పు కాదు. తప్పు ఏమిటంటే ఆ మొదటి నీటిని కణాల పరీక్షకు పంపకపోవడం. క్యాన్సర్ నీటిలో కూడా లింఫోసైట్లే ఎక్కువగా ఉండవచ్చు. ఫిబ్రవరిలో రెండోసారి తీసినప్పుడు నేను బతిమాలితే పంపారు, కణాలు లేవని వచ్చింది, మందులు కొనసాగించమన్నారు. నిజానికి క్యాన్సర్ నీరైనా ఒక్క పరీక్షలో కణాలు దొరికేది నూటికి దాదాపు 60 మందిలోనే. అమ్మ ఎన్నడూ పొగ తాగలేదు కాబట్టి ఊపిరితిత్తి క్యాన్సర్ అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. తొమ్మిది వారాలు అలా గడిచిపోయాయి. టీబీ మందుల వల్ల నారింజ రంగుకు మారిన మూత్రాన్ని చూసి "మందు పనిచేస్తోంది నాన్నా" అని అమ్మ నాకు ధైర్యం చెప్పేది.

ఆ తొమ్మిది వారాలను ఒక గంట పని ఆపగలిగి ఉండేది. స్వీడన్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ జాకబేయస్ 1910లోనే ఛాతీలోకి గొట్టం పంపి లోపలి పొరలను కంటితో చూసే పద్ధతిని ప్రచురించాడు. నేడు దాన్ని థొరకోస్కోపీ అంటారు, మన దగ్గర "కెమెరా పెట్టి చూడడం" అంటారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రంలోంచి నీరంతా తీసి, పొర మీది గింజలను చూసి, వాటి నుంచే ముక్కలు తీస్తారు. క్యాన్సర్‌ను పట్టుకోవడంలో దీని సాఫల్యం నూటికి 90కి పైనే. టీబీ అయితే అదీ ముక్కలోనే తేలుతుంది. ఆ ముక్కతోనే జన్యుపరీక్షలు కూడా చేయవచ్చు. హైదరాబాదులో అమ్మకు మార్చి చివరి వారంలో అది చేసిన పల్మనాలజిస్టు తెర మీద నాకు చూపించారు. గులాబి రంగు పొర మీద తెల్లటి గింజలు, కొన్ని విడివిడిగా, కొన్ని గుత్తులుగా, ఛాతీకి అడుగునుండే కండరం డయాఫ్రం దాకా. "ఇందులో దేన్ని కోసి తీయమంటారు?" అని ఆయన మెల్లగా అడిగారు. మా మేనమామ కూడా ఆ తెర చూశాడు. ఆ తరువాత ఆయన పొలం మాట ఎత్తలేదు.

కెమెరాతో చూసినప్పుడే, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంటే, స్టెరైల్ టాల్క్ పొడిని పొరల మీద చల్లి రెండు పొరలనూ అతుక్కునేలా చేయవచ్చు. అప్పుడు నీరు చేరడానికి సందే ఉండదు. మన దగ్గర చాలాచోట్ల టాల్క్ బదులు చవకగా దొరికే పొవిడోన్ అయోడిన్‌ను కూడా వాడతారు. ఈ పనికి కెమెరా తప్పనిసరి కాదన్నది ఇంకొక ఊరట. బ్రిటన్‌లో 330 మందితో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, కెమెరాతో పొడి చల్లినవారిలో 90 రోజులకు నూటికి 22 మందిలో, గొట్టం గుండా టాల్క్ ద్రావణం ఎక్కించినవారిలో నూటికి 24 మందిలో అది విఫలమైంది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. గొట్టం వేయగల జిల్లా ఆసుపత్రిలో కూడా ఈ పని చేయవచ్చు. అయినా అయిదోసారి ఆరోసారి సూదితో నీరు తీయించుకుంటున్నవారిని నేను వార్డుల్లో చూశాను. సూదితో తీసిన నీరు చాలామందిలో నెల తిరగకుండానే మళ్ళీ చేరుతుంది. తీసిన కొద్దీ లోపల గదులు గదులుగా అతుకులు పడి తరువాతి పని కష్టమవుతుంది.

అమ్మ విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. నీరంతా తీసినా ఊపిరితిత్తి కింది భాగం విచ్చుకోలేదు, దాని పైపొర గట్టిపడి సంచిలా బిగుసుకుపోయింది. పొరలు రెండూ తగలనప్పుడు టాల్క్ దేన్ని అతికిస్తుంది? అలాంటివారికి చర్మం కింద నుంచి మెత్తని సిలికాన్ గొట్టం ఒకటి ఎక్కువకాలం ఉండేలా అమర్చి, ఇంట్లోనే రోజు విడిచి రోజు సీసాలోకి నీరు వంపుకునే పద్ధతి ఉంది. ఈ గొట్టానికీ టాల్క్‌కూ మధ్య 2012లో వచ్చిన పోలికలో ఆయాసం తగ్గడంలో రెండూ సమానమేనని తేలింది. 2017లో వచ్చిన మరో పరీక్షలో గొట్టం పెట్టుకున్నవారు ఆసుపత్రిలో గడిపిన రోజులు కొంచెం తక్కువ. 2023 నాటి బ్రిటిష్ మార్గదర్శకాలు కూడా ఈ రెంటిలో ఏది కావాలో రోగి ఇష్టాన్ని బట్టి నిర్ణయించమంటాయి. మన దగ్గర అసలు చిక్కు ధర. గొట్టం, దానికి సరిపోయే సీసాలు ఖరీదైనవి కావడంతో చాలాచోట్ల మామూలు సన్నపాటి పిగ్‌టెయిల్ గొట్టాన్నే వారాల తరబడి ఉంచుతారు, అది జారిపోతుంది, చీము పడుతుంది. ఎకరం అమ్మడానికి సిద్ధపడిన కుటుంబాలకు ఈ గొట్టం గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది "నయం చేసే ఆపరేషన్" కాదు.

ఊపిరితిత్తి విచ్చుకోనప్పుడు నీరు తీసి ఏం లాభం అని మా పెద్దమ్మ అడిగింది. ఇక్కడే ఇందాక చెప్పిన తేడా పనికి వస్తుంది. నీరు చుట్టూ చేరినప్పుడు దాని బరువంతా కింద ఉన్న డయాఫ్రం మీద పడుతుంది. గోపురంలా పైకి ఉండవలసిన ఆ కండరం పళ్ళెంలా కిందికి వంగిపోతుంది. ఆయాసంలో పెద్ద భాగం దాని నుంచే వస్తుంది. నీరు తీయగానే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోకపోయినా ఆ కండరం మళ్ళీ గోపురమవుతుంది. గొట్టం పెట్టిన మూడో రాత్రి అమ్మ నాలుగు దిండ్లలో మూడు తీసేయమంది.

ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో ఉధృతి వచ్చింది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు. సూదితో నీరు తీయించుకునే పద్ధతిలోనే ఉండి ఉంటే ఆ ఎనిమిది వారాల్లో కనీసం మూడుసార్లయినా అమ్మను ఆ గుంపులోకి తీసుకువెళ్ళవలసి వచ్చేది. బదులుగా మా నాన్న, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, వెనక వరండాలో ఎండ పడే చోట కుర్చీ వేసి, నర్సు నేర్పినట్టే గొట్టం మూత తీసి, స్పిరిట్‌తో తుడిచి, సీసా తగిలించేవాడు. జీవితమంతా ఎరువుల కొట్లో లెక్కలు రాసిన మనిషి ఆయన. ప్రతిసారీ ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాసేవాడు.

ముక్క పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో 19వ ఎక్సాన్ అనే భాగంలో లోపం ఉందని తేలింది. పొగ తాగని ఆసియా స్త్రీలలో ఎక్కువగా కనిపించే, మాత్రలకు లొంగే మార్పు ఇది. ఆ ముక్క జనవరిలోనే దొరికి ఉంటే మాత్ర జనవరిలోనే మొదలయ్యేదన్న బాధ నన్ను ఈనాటికీ వదలలేదు. ఆసిమర్టినిబ్ అనే కొత్త మాత్రతో మధ్యస్థ ఆయుర్దాయం 38.6 నెలలు, పాత తరం మాత్రలతో 31.8 నెలలు అని ఫ్లారా అనే పరిశోధన చెప్పింది. కానీ దాని ధర మాకు అందలేదు కాబట్టి, ఇక్కడ తయారయ్యే చవకైన పాత తరం మాత్ర జెఫిటినిబ్‌తో మొదలుపెట్టాం. నీరు తగ్గింది. అందులో మాత్ర వల్ల ఎంతో, గొట్టం వల్ల పొరలు అతుక్కోవడం వల్ల ఎంతో చెప్పలేను. రెండూ కలిసి పనిచేశాయి. 13 నెలల తరువాత పాత మాత్రకు లొంగని టీ790ఎం అనే జన్యుమార్పు కనిపించినప్పుడు అప్పుచేసి ఆసిమర్టినిబ్‌కు మారాం. దాని మీద కస్టమ్స్ సుంకం ఎత్తివేస్తున్నట్టు కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించింది 2024 జులైలో. అమ్మ 2023 నవంబరులో పోయింది. జబ్బు మెదడుకు పాకింది. కుడివైపు నీరు మాత్రం చివరిదాకా మళ్ళీ రాలేదు, ఆఖరి వారంలో కూడా ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

కిందటి నెల మేనమామ ఫోన్ చేసి, వాళ్ళ వియ్యపురాలి అన్నగారికి ఇదే జబ్బు బయటపడిందనీ, ఎవరో ఆపరేషన్ చేస్తామంటున్నారనీ చెప్పాడు. ఆ ఆపరేషన్ దేనికని అడగమన్నాను. గడ్డ తీయడానికైతే ఏ ఆధారంతో అంటున్నారో, వివిధ విభాగాల వైద్యులు కలిసి చూశారో లేదో అడగమన్నాను. ముక్కకూ ఊపిరికీ అయితే ఈ వారమే చేయించమన్నాను. "ముక్కకేనట. నీరు ఇప్పటికే రెండుసార్లు తీశారట" అన్నాడు. మూడోసారి దాకా ఆగవద్దని చెప్పాను.

నాన్న లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. ఎరువుల బస్తాల లెక్క ఆగిన పేజీ తరువాత, అదే నీలి సిరాతో, ఏప్రిల్ 2న 450 మిల్లీలీటర్లు అని మొదలవుతుంది. ఏప్రిల్ 20న 300, మే 11న 180, మే 29న 90. జూన్ 8న 40, 10న 40, 12న 30. వరసగా మూడుసార్లు 50కి లోపు వస్తే ఫోన్ చేయమని డాక్టరు చెప్పారు కాబట్టి, 12వ తేదీ పక్కన నాన్న ఆ ఫోను నంబరు రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.